పని అయ్యాక ఇచ్చేది కూడా లంచమేనా?

మీ ప్రశ్న, మా జవాబు

పోయిన నెల ఇదే శీర్షికలో పొలం పేరు మార్పు దరఖాస్తుల గురించి రాస్తూ చివర్లో "పని చేసిపెట్టారు కదా అని ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు" అని ఒక మాట అన్నాను. మిగతా వ్యాసం సంగతి పెద్దగా ఎవరూ అడగలేదు, ఆ ఒక్క వాక్యం పట్టుకుని చాలామంది రాశారు. కొందరికి కోపం కూడా వచ్చింది. "ముందు ఇస్తే లంచం, తర్వాత ఇస్తే మర్యాద, ఆ మాత్రం తేడా తెలీదా" అని ఒకాయన నిలదీశారు. ఆ తేడా నిజంగా ఉందా లేదా అన్నదే ఈసారి సంగతి. వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని తీసుకున్నాను, పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక రెండెకరాల పొలం అమ్మ పేరు మీదికి మార్పించడానికి తహసీల్దారు ఆఫీసుకి తిరిగాం. అక్కడి గుమస్తా గారు చాలా మంచివారు. ఒక్క రూపాయి అడగలేదు, ఏ కాగితం తక్కువైందో దగ్గరుండి చెప్పారు, నెల తిరక్కుండా పని అయిపోయింది. ఇప్పుడు వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మమ్మల్ని పిలిచారు. మా అన్నయ్య వెండి కంచం కొందామంటున్నాడు. పని ఎప్పుడో అయిపోయింది, ఆయన అడగలేదు, మనం సంతోషంగా ఇస్తున్నాం, తప్పేముంది అంటాడు. నాకు మాత్రం ఏదోలా ఉంది. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, మీకు ఏదోలా ఉందన్నారు చూడండి, ఆ మాటే వినండి. వెండి కంచం వద్దు.

మీ అన్నయ్యగారు చెప్పిన మూడు మాటలూ మన దగ్గర ఇంటింటా వినపడేవే. మొదటిది, పని అయిపోయింది కదా అన్నది. దీనికి 1860లోనే జవాబు రాసిపెట్టి ఉంది. ఆ ఏడాది వచ్చిన భారత శిక్షాస్మృతిలో 161వ సెక్షన్ అని ఉండేది. సర్కారు ఉద్యోగి జీతం కాకుండా ఇంకేదైనా సరే, పని చేయడానికి ప్రేరణగా పుచ్చుకున్నా, చేసినందుకు బహుమానంగా పుచ్చుకున్నా నేరమే అని అందులో రెండింటినీ పక్కపక్కనే పెట్టారు. దాని కింద ఇచ్చిన ఉదాహరణ నాకు లా చదివే రోజుల నుంచీ గుర్తుంది. ఒక మున్సిఫ్, అంటే కింది కోర్టు జడ్జి, ఒక బ్యాంకు యజమానికి అనుకూలంగా తీర్పు ఇస్తాడు, అందుకు బహుమానంగా ఆ బ్యాంకులో తన సోదరుడికి ఉద్యోగం వేయించుకుంటాడు. చూడండి, ఒక్క రూపాయి చేతులు మారలేదు, వచ్చిన లాభం కూడా ఆయనకి కాదు. అయినా ఆయన నేరం చేసినట్టే అని చట్టమే చెప్పింది. అంతకుముందు ఈస్టిండియా కంపెనీ దొరలు ఇక్కడి రాజుల దగ్గర నజరానాలు పుచ్చుకుని మూటలు కట్టుకుపోతుంటే, 1773లో రెగ్యులేటింగ్ చట్టం తెచ్చి ఆ కానుకలకీ అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. అంటే ఇది నిన్నమొన్నటి పట్టింపు కాదు.

1988లో అవినీతి నిరోధక చట్టం వచ్చాక ఆ 161 అందులో 7వ సెక్షన్‌గా మారింది. 2018 జులై 26 నుంచి ఆ సెక్షన్ మాటల్ని తిరగరాశారు. ఇక్కడ ఒక మెలిక ఉంది, దాచకుండా చెప్తాను. కొత్త సెక్షన్లో బహుమానం గురించి చెప్పేచోట "పనిని అక్రమంగా లేదా నిజాయతీ లేకుండా చేసినందుకు" అన్న అర్థం వచ్చే మాటలు చేర్చారు. దాంతో, పని సక్రమంగానే చేశాడు కదా, తర్వాత ఎవరో ఇష్టంతో ఇస్తే ఈ సెక్షన్ ఎలా తగులుతుంది అని వకీళ్లు వాదిస్తారు. కానీ అదే సెక్షన్ కింద వివరణ కూడా పెట్టారు, పని సక్రమంగా జరిగినా సరే, పుచ్చుకోకూడనిది పుచ్చుకోవడమే నేరం అని. రేషన్ కార్డు దరఖాస్తు మామూలుగా సమయానికి కదపడానికి ఐదు వేలు అడిగిన ఉద్యోగి నేరం చేసినట్టే అని ఉదాహరణ కూడా ఇచ్చారు. దానికి తోడు 11వ సెక్షన్ ఉంది. తన దగ్గర పని ఉన్నవాళ్ల నుంచి, లేదా పని నడిచినవాళ్ల నుంచి, ఊరికే గానీ తక్కువ ధరకి గానీ ఏదైనా తీసుకుంటే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. వెండి కంచం ఈ సెక్షన్‌కి అచ్చంగా సరిపోతుంది. ఇంతవరకైతే పర్లేదు అనే అంకె కూడా ఈ చట్టంలో ఎక్కడా లేదు.

రెండోది, ఆయన అడగలేదు కదా అన్నది. దాని సంగతి కింద కరీంనగర్ ఉత్తరంలో వస్తుంది. మూడోది, సంతోషంగా ఇస్తున్నాం అన్నది. దీని గురించి నా సొంత సంగతి ఒకటి చెప్పాలి.

మా నాన్న పోయినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు కదిలించిన గుమస్తా ఒకాయన ఉండేవారు, నిజంగా మంచాయన, అమ్మ చదువుకోలేదని తెలిసి ఫారాలన్నీ తనే నింపి వేలిముద్ర వేయించుకున్నారు. పెన్షన్ వచ్చిన మొదటి నెల అమ్మ నాతో బుట్టెడు బంగినపల్లి మామిడిపళ్లు పంపించింది. గడ్డి పరిచి, మీద అరటాకు కప్పి, తాడు కట్టి. నేనే సైకిల్ వెనక కట్టుకుని తీసుకెళ్లాను. ఆయన వద్దువద్దంటూనే తీసుకున్నారు. రెండు నెలల తర్వాత మా వీధి చివరావిడ, ఆవిడకీ అప్పుడే భర్త పోయాడు, మా అరుగు మీద కూర్చుని అమ్మని మెల్లగా అడిగింది, "మీరు మామిడిపళ్లు ఇచ్చారట కదా వదినా, పళ్ల కాలం అయిపోయింది, నేనేం ఇవ్వాలి?" అని. అమ్మ ముఖం పాలిపోయింది. ఆ ఆఫీసులో ఆవిడని ఎవరూ ఏమీ అడగలేదు. మా బుట్టే అడిగింది. మా సంతోషం ఆవిడకి రేటు అయింది. ఆవిడ చెవి పోగులు తాకట్టు పెట్టి ఏదో ఇచ్చిందని తర్వాత తెలిసింది.

అమ్మా, అందుకే కంచం వద్దంటున్నాను. మీ అన్నయ్య మనసులో మర్యాదే ఉంది, నేను కాదనను. కానీ రేపు అదే గుమస్తా బల్ల ముందు నిలబడే కౌలురైతుకి వెండి కంచం కొనే శక్తి లేదు. ఫంక్షన్‌కి వెళ్లండి, భోంచేయండి, అమ్మాయిని నిండుగా దీవించి రండి. చదివింపులు మాత్రం వద్దు, నూటపదహార్లు కూడా వద్దు. ఆయన మంచితనానికి మీరు చేయగలిగింది ఒకటుంది, చివరి ప్రశ్నలో చెప్తాను.

ప్రశ్న: నేను మునిసిపాలిటీలో జూనియర్ అసిస్టెంట్‌ని. దీపావళికి నేను ఇంట్లో లేనప్పుడు ఒక కాంట్రాక్టరు మనిషి వచ్చి డ్రైఫ్రూట్స్ డబ్బా ఇచ్చి వెళ్లాడు. రాత్రి పిల్లలు తెరిస్తే అడుగున కొత్త సెల్‌ఫోన్ ఉంది. ఆ కాంట్రాక్టరు బిల్లు మా సెక్షన్ నుంచి రెండు నెలల కిందే పాసైంది, రూల్ ప్రకారమే పాసైంది, నేను ప్రత్యేకంగా చేసిన మేలేమీ లేదు. తిరిగి ఇస్తే నొచ్చుకుంటాడు, పైగా మా సారుకి దగ్గర మనిషి. ఉంచుకుంటే నిద్ర పట్టట్లేదు. (కరీంనగర్ జిల్లా నుంచి ఒక ఉద్యోగి)

జవాబు: మీరు ఈ ఉత్తరం రాశారంటేనే మీకు జవాబు తెలుసని అర్థం. ఫోన్ రేపే తిరిగి వెళ్లాలి. డబ్బా కూడా, పిల్లలు తినగా మిగిలినదైనా సరే.

నేను అడగలేదు, వాళ్లే ఇచ్చారు అన్న మాట కోర్టులో నిలబడదు. 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దీన్ని విడమర్చి చెప్పింది. ఉద్యోగి ముందు అడిగి తీసుకుంటే అది ఒక రకం. ఇచ్చేవాడే తనంతట తాను ముందుకొచ్చి ఇవ్వబోతే, ఉద్యోగి కాదనకుండా పుచ్చుకుంటే అది ఇంకో రకం, అదీ నేరమే. ఆ బెంచికి నేతృత్వం వహించిన జస్టిస్ అబ్దుల్ నజీర్ గారే తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు.

తీసుకున్నది మీరు కాదు, మీ ఆవిడ, అన్నది కూడా మిమ్మల్ని కాపాడదు. నేరుగా తీసుకున్నా మూడో మనిషి ద్వారా తీసుకున్నా, తనకోసమైనా ఇంకొకరికోసమైనా ఒకటే అని సెక్షన్ వివరణలో ఉంది. అలాగని భయపడి కూర్చోకండి. మీకు తెలియకుండా ఇంట్లోకి వచ్చిన వస్తువు విషయంలో, తెలిసిన తర్వాత మీరేం చేశారన్నదే అసలు లెక్క. తెలిసిన రోజే కదిలారా, వచ్చే దసరా దాకా వాడుకున్నారా అన్నది చూస్తారు.

ఇలా చేయండి. ఫోన్ బాక్సు సీలు విప్పకుండా ఫొటో తీసుకోండి. ఆఫీసులోనే, ఇంకో ఉద్యోగి ఎదురుగా, ఆ కాంట్రాక్టరుకి తిరిగి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే రిజిస్టర్ పోస్టులో పంపండి. అదే రోజు మీ కమిషనర్ పేరిట నాలుగు లైన్ల ఉత్తరం, ఫలానా తేదీన నేను లేనప్పుడు ఇది మా ఇంట్లో ఇచ్చి వెళ్లారు, ఫలానా తేదీన తిరిగి ఇచ్చాను అని రాసి, ఇన్‌వర్డ్ నంబరు (ఉత్తరం అందినట్టు ఆఫీసువాళ్లు వేసే నంబరు) వేయించుకుని కాపీ ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. ఆ నంబరే రేపు మీకు రక్ష. సారు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

మీ పక్క సీటు వాళ్లు తప్పకుండా అడుగుతారు కాబట్టి ఇంకో మాట. ప్రవర్తనా నియమావళి వేరు, ఈ చట్టం వేరు. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో పెళ్లిళ్లకి, శుభకార్యాలకి దగ్గర బంధువుల నుంచి, ఆఫీసు పనితో సంబంధం లేని స్నేహితుల నుంచి ఆచారం ప్రకారం కానుకలు తీసుకోవచ్చని, ఒక విలువ దాటితే పైకి తెలియజేయాలని ఉంది. ఎప్పుడో ఒక పూట భోజనం, దారిలో బండి ఎక్కించుకోవడం లాంటివి కానుక కిందికి రావని కూడా ఉంది. మన రాష్ట్ర ఉద్యోగులకీ 1964 నాటి నియమావళే, అందులోనూ కానుకలకి విడిగా నియమం ఉంది. వీటన్నిటి వెనక ఉన్న ప్రశ్న ఒక్కటే, ఇచ్చేవాడికి మీ టేబుల్ మీద పనుందా లేదా అని. మీ కాంట్రాక్టరుకి ఉంది. వచ్చే ఏడాదీ ఉంటుంది.

ప్రశ్న: మా పొలం సర్వేకి వచ్చిన సర్వేయరు డబ్బు ఇస్తే గానీ గొలుసు వేయనని మూడు సార్లు వెనక్కి వెళ్లిపోయాడు. నాలుగోసారి విసిగిపోయి ఆరు వేలు ఇచ్చాను. ఇచ్చి నాలుగు రోజులైంది. ఇప్పుడు ఫిర్యాదు చేస్తే ఇచ్చినవాడివి నువ్వూ దొంగవే అని నన్నే పట్టుకుంటారని అంటున్నారు. (మిర్యాలగూడ దగ్గర నుంచి ఒక రైతు)

జవాబు: మీ ఉత్తరం చేతికందిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పాను, ఇక్కడ వేస్తున్నది మిగతావాళ్ల కోసం. ఎందుకంటే ఇందులో గడువు ఉంది.

2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమే, 8వ సెక్షన్, ఏడేళ్ల దాకా జైలు. కానీ బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవాళ్లని అదే సెక్షన్ వదిలేసింది, ఒక్క షరతు మీద. ఇచ్చిన రోజు నుంచి ఏడు రోజుల్లోగా పోలీసుకో ఏసీబీకో చెప్పాలి. ఏడు రోజులు. ఎనిమిదో రోజు వెళ్తే మీకు ఆ రక్షణ అడిగే దారి మూసుకుపోయినట్టే. కాబట్టి ఇచ్చిన తేదీ, టైము, చోటు ఒక కాగితం మీద ఆ రాత్రే రాసుకోండి, ఫోన్‌పేలో పంపితే ఆ స్క్రీన్ తీసి దాచుకోండి, ఏసీబీ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి అందినట్టు రాయించుకోండి. తెలంగాణలో 1064కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

ఇంకా మంచిది, ఇవ్వకముందే వెళ్లడం. ముందుగా ఏసీబీకి చెప్పి, వాళ్లకి సాయంగా డబ్బు ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ లేదని అదే 8వ సెక్షన్లో ఉంది. అసలు ఆ సర్వేయరు పొలం గట్టు మీద నిలబడి ఆరు వేలు అడిగిన రోజే మీరు ఏసీబీ మెట్లెక్కి ఉంటే ఆ ఆరు వేల నోట్ల మీద ఇంకో కథ నడిచేది. అదేమిటో కింద ఉంది.

ప్రశ్న: ఏసీబీ వాళ్లు పట్టుకున్నప్పుడు చేతులు కడిగిస్తే నీళ్లు గులాబీ రంగులోకి మారతాయంటారు. అంత పక్కాగా దొరికినవాళ్లు కూడా కేసు కొట్టేయించుకుని మళ్లీ అదే కుర్చీలో ఎలా కూర్చుంటున్నారు? (గ్రూప్స్‌కి చదువుతున్న అభ్యర్థి, అనంతపురం)

జవాబు: ఆ నీళ్లలో మాయ ఏమీ లేదు. ఫిర్యాదు చేసినవాళ్ల నోట్ల నంబర్లు ముందే రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ అనే తెల్ల పొడి పూస్తారు. కంటికి కనపడదు, వేళ్లకి అంటుకుంటుంది. వేరే శాఖల నుంచి ఇద్దరు ఉద్యోగుల్ని మధ్యవర్తులుగా, అంటే సాక్షులుగా, కూర్చోబెట్టి ఇదంతా వాళ్ల ముందే చేస్తారు. ఫిర్యాదుదారుడికి గట్టిగా చెప్పేది ఒక్కటే, అవతలివాడు నోరు తెరిచి అడిగితేనే ఇవ్వు, నీ అంతట నువ్వు జేబులో కుక్కకు అని. ఇచ్చాక సైగ చేస్తాడు, లోపలికెళ్లి ఆ ఉద్యోగి వేళ్లని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. పొడి అంటి ఉంటే నీళ్లు గులాబీ అవుతాయి. చొక్కా జేబు లోపలి గుడ్డని కూడా అలాగే తడుపుతారు. ఆ నీళ్లు చిన్న సీసాల్లో పోసి లక్క సీలు వేస్తారు.

ఆ సీసాల్ని కోర్టు బల్ల మీద నేను చాలాసార్లు చూశాను. ఏళ్ల తర్వాత కేసు విచారణకి వచ్చేసరికి ఎక్కువ సీసాల్లో రంగు వెలిసిపోయి ఉంటుంది, చీటీ మీద సంతకాలు మాత్రం మిగులుతాయి. కేసులు కూడా అలాగే వెలిసిపోతాయి. చేతికి పొడి అంటిందన్నంత మాత్రాన నేరం రుజువు కాదు, అడిగాడు లేదా తెలిసి పుచ్చుకున్నాడు అన్నది రుజువు కావాలి. ఆ మాట చెప్పాల్సిన ఫిర్యాదుదారుడు ఈలోగా రాజీ పడిపోతాడు, లేదా ఊరు వదిలిపోతాడు, లేదా చచ్చిపోతాడు.

ఇందులో మన తెలుగువాళ్ల వాటా ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లిన రెండు కేసుల్లో, ఒకటి 2014లో, ఒకటి 2015లో, ఉద్యోగులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఒకదాంట్లో ఫిర్యాదు చేసినాయన కోర్టులో మాట మార్చాడు, ఇంకోదాంట్లో సాక్ష్యం చెప్పకముందే చనిపోయాడు. అడిగినట్టు రుజువు లేదు కాబట్టి దొరికిన డబ్బు ఒక్కటే చాలదని కోర్టు అంది. ఆ తీర్పులకీ అంతకుముందు తీర్పులకీ పొత్తు కుదరక, చివరికి పైన చెప్పిన 2022 రాజ్యాంగ ధర్మాసనం కూర్చోవాల్సి వచ్చింది. ఫిర్యాదుదారుడు లేకపోయినా, ఎదురు తిరిగినా, మిగతా సాక్షులూ పరిస్థితులూ కలిపి చూసి రుజువైందని చెప్పొచ్చు అని అప్పుడు తేల్చారు. ఇది చాలా పెద్ద మార్పు. అయితే అడిగినట్టో పుచ్చుకున్నట్టో రుజువు అక్కర్లేదని మాత్రం అనలేదు, అది మీ పరీక్షలో తప్పు రాయకండి. విచారణ రెండేళ్లలో ముగించడానికి ప్రయత్నించాలి, పొడిగించినా మొత్తం నాలుగేళ్లు దాటకూడదు అని కూడా 2018 సవరణలో ఉంది. ఆ గడువు నిజంగా పాటిస్తే సీసాల్లో రంగు వెలిసేలోపే చాలా కేసులు తేలిపోతాయి.

ప్రశ్న: గుమస్తాలకీ సర్వేయర్లకీ ఇన్ని సెక్షన్లు చెప్తున్నారు, ఎమ్మెల్యేలకీ ఎంపీలకీ ఏమీ లేవా? (ఖమ్మం)

జవాబు: ఇరవై ఆరేళ్ల పాటు దాదాపు లేనట్టే ఉండింది, ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధే. 1993 జులైలో పి.వి.నరసింహారావు గారి ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు కొందరు ఎంపీలు డబ్బు తీసుకుని ఓటేశారన్నది కేసు. 1998లో సుప్రీంకోర్టు ఇద్దరి మాటని కాదని ముగ్గురు జడ్జీల మాటగా ఏం చెప్పిందంటే, సభలో వేసిన ఓటుకి రాజ్యాంగం రక్షణ ఇచ్చింది కాబట్టి డబ్బు తీసుకుని ఓటేసిన ఎంపీల మీద కేసు నడపలేం అని. డబ్బు తీసుకుని ఓటు వేయని ఎంపీకి మాత్రం ఆ రక్షణ లేదన్నారు! మాట నిలబెట్టుకున్నవాడు బయట, నిలబెట్టుకోనివాడు బోనులో.

2024 మార్చి 4న ఏడుగురు జడ్జీలు ఏకగ్రీవంగా దాన్ని కొట్టేశారు. లంచం పుచ్చుకున్న క్షణానే నేరం పూర్తయింది, తర్వాత ఓటు ఎటు వేశాడన్నది అనవసరం అన్నారు. సర్పంచులు, కౌన్సిలర్లు అయితే ఎప్పటి నుంచో ఈ చట్టం కిందే ఉన్నారు.

ప్రశ్న: అమెరికాలో ఒక నగరపాలక సంస్థ ఐటీ విభాగంలో పని చేస్తున్నాను. మేం కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీవాళ్లు పని అయ్యాక నాకు ఖరీదైన గిఫ్ట్ కార్డు పంపారు. ఇక్కడ సుప్రీంకోర్టు ఇలాంటివి నేరం కాదందని తోటి తెలుగువాళ్లు చెప్తున్నారు, నిజమేనా? (టెక్సస్ నుంచి)

జవాబు: సగమే నిజం, ఆ సగమే ప్రమాదం. ఇండియానా రాష్ట్రంలో పోర్టేజ్ అనే చిన్న ఊరి మేయర్ కేసు అది. 2013లో ఆ ఊరు ఒక కంపెనీ దగ్గర సుమారు 11 లక్షల డాలర్లకి ఐదు చెత్త లారీలు కొంది. 2014లో ఆ కంపెనీ మేయర్‌కి 13,000 డాలర్ల చెక్కు ఇచ్చింది. కన్సల్టింగ్ ఫీజు అని ఆయన అన్నాడు, కాంట్రాక్టుకి బహుమానం అని ప్రభుత్వం అంది. కింది కోర్టు ఏడాది తొమ్మిది నెలల జైలు వేసింది. 2024 జూన్ 26న అక్కడి సుప్రీంకోర్టు ఆరుగురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపుగా తీర్పు చెప్పింది. రాష్ట్ర, స్థానిక అధికారుల లంచాల కోసం ఉన్న ఆ ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) సెక్షన్ ముందే కుదుర్చుకున్న లంచానికే వర్తిస్తుంది, పని అయ్యాక ఇచ్చే బహుమానానికి వర్తించదు అని.

అంతవరకే. బహుమానాలు మంచివని ఆ కోర్టు చెప్పలేదు, వాటిని ఎలా కట్టడి చేయాలో రాష్ట్రాలూ నగరాలూ చూసుకుంటాయని అంది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులకైతే పని చేసినందుకు ఇచ్చే బహుమానం ఇప్పటికీ నేరమే, రెండేళ్ల దాకా జైలు. వాళ్ల గిఫ్టుల నియమంలో ఒకరి దగ్గర నుంచి ఒకసారికి 20 డాలర్లు, ఏడాదికి 50 డాలర్లు అన్న లెక్క కూడా ఉంది. మీకు మీ రాష్ట్ర చట్టం, మీ నగర నియమాలు వర్తిస్తాయి, వాటికి ఆ తీర్పుతో పని లేదు. కార్డు గీకకండి. మీ ఎథిక్స్ ఆఫీసుకి ఈరోజే మెయిల్ పెట్టండి, వాళ్లు చెప్పినట్టు తిప్పి పంపండి. మీ వీసా, మీ ఉద్యోగం ఒక గిఫ్ట్ కార్డు మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

నన్నడిగితే ఆ ముగ్గురు జడ్జీల మాటే సరైంది. కాంట్రాక్టు ఇచ్చాక చెక్కు వస్తుందని ఒకసారి తెలిసిన మేయర్‌కి తర్వాతి టెండరప్పుడు ఎవరూ నోరు తెరిచి ఏమీ చెప్పక్కర్లేదు.

రెండు చిన్న ప్రశ్నలు. ప్రైవేటు బ్యాంకు మేనేజరు లోన్ ఇచ్చాక "పార్టీ" అడిగాడు, ఆయన సర్కారు మనిషి కాదు కదా అని నెల్లూరు నుంచి ఒకరు అడిగారు. సికింద్రాబాద్‌లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కేసులో 2016లో సుప్రీంకోర్టు, ప్రైవేటు బ్యాంకు అధికారులు కూడా ఈ చట్టం కింద ప్రభుత్వ సేవకులే అంది. కాబట్టి పార్టీ లేదు. "నేను చూసుకుంటా, సారుకి ఇవ్వాల్సింది నాకివ్వండి" అనే బ్రోకర్‌కి శిక్ష ఉందా అని హనుమకొండ నుంచి ఇంకొకరు అడిగారు. ఉంది, 7ఏ సెక్షన్, మూడేళ్ల నుంచి ఏడేళ్లు, అసలు ఉద్యోగికి ఎంతో అంత.

ప్రశ్న: మరి మంచిగా పని చేసిన ఉద్యోగికి మా కృతజ్ఞత ఎలా చెప్పాలి సార్? ఊరికే థాంక్స్ అంటే మనసొప్పదు. (విజయనగరం)

జవాబు: తెనాలి అమ్మగారికి చెప్తానన్నది ఇదే. ఉత్తరం రాయండి. ఆయన పై అధికారికి ఒకటి, కలెక్టరు గారికి కాపీ ఒకటి. మన ఆఫీసులకి ఫిర్యాదులు తప్ప మంచిమాట రాదు, అందుకే వచ్చిన ఒక్కటీ అందరి కంటా పడుతుంది. రాసేటప్పుడు పొగడ్తలు వద్దు, జరిగింది రాయండి. ఇలా:

"అయ్యా, మా నాన్నగారి మరణానంతరం ఫలానా సర్వే నంబరు భూమి మా అమ్మగారి పేరు మీదికి మార్చమని ఫలానా తేదీన దరఖాస్తు చేశాం. మీ ఆఫీసులో ఈ సెక్షన్ చూసే ఫలానా గారు వారసత్వ ధ్రువపత్రంలో ఉన్న పొరపాటు మొదటి రోజే చూపించి, ఎక్కడ దిద్దించుకోవాలో చెప్పారు. ఇరవై ఆరో రోజున పని పూర్తయింది. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు, మేము ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఈ సంగతి మీ దృష్టికి రావాలని రాస్తున్నాం."

కింద సంతకం, చిరునామా, తేదీ. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి నంబరు వేయించుకోండి, ఒక కాపీ ఆ గుమస్తా గారి చేతికే ఇవ్వండి. ఓణీల ఫంక్షన్ రోజైతే ఇంకా మంచిది, ఆయన కూతురు కూడా చదువుతుంది.